క్షిపణికి ధర కట్టేది ఎవరు, ఎలా?

2021 మార్చి 19న రక్షణ శాఖ హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ లిమిటెడ్ (బీడీఎల్)తో ఒక ఒప్పందం చేసుకుంది. సైన్యానికి 4,960 మిలాన్-2టీ యాంటీ ట్యాంక్ క్షిపణులు, మొత్తం విలువ 1,188 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కోటి దాదాపు 24 లక్షలు. ఈ భాగహారం ఎవరైనా చేస్తారు. ఆ 24 లక్షలు సరైన ధరేనా అన్నది మాత్రం భాగహారంతో తేలదు.

మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల ధర ఎక్కువ చెప్తున్నారో లేదో తెలుసుకోవాలంటే పక్క కొట్లో అడిగితే చాలు. యాంటీ ట్యాంక్ క్షిపణికి పక్క కొట్టు లేదు. ఫ్రాన్స్ లైసెన్సుతో మిలాన్ క్షిపణిని దేశంలో తయారు చేస్తున్నది ఒక్క బీడీఎల్ మాత్రమే. కొనేది కూడా ఒక్కరే, భారత ప్రభుత్వం. ఇలా ఒకే అమ్మకందారు, ఒకే కొనుగోలుదారు ఎదురెదురుగా కూర్చున్న చోట ధర దానంతట అది తేలదు. ఒక్కో రూపాయికీ కారణం చూపిస్తూ దాన్ని ఎవరో ఒకరు కట్టాలి. అలా కట్టేవాళ్లు, కట్టినదాన్ని విప్పి పరీక్షించేవాళ్లు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఖర్చు వెంట నడిచేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. శాస్త్రవేత్తల గురించి పేపర్లో వస్తుంది. వీళ్ల గురించి ఎక్కడా రాదు. అందుకే ఈ వ్యాసం.

హైదరాబాద్‌లో, దాని పరిసరాల్లో ఈ పని ఎన్ని చోట్ల జరుగుతుందో చూడండి. కంచన్‌బాగ్ చుట్టుపక్కల రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ లాంటి ప్రయోగశాలలు, కాస్త అవతల క్షిపణి పరిశోధన కేంద్రం ఆర్‌సీఐ. 1970లో పుట్టిన బీడీఎల్, 1973లో పుట్టిన, ప్రత్యేక లోహాలు తయారు చేసే మిధాని. నాచారంలో ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్, బాలానగర్‌లో విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాల ఫ్యాక్టరీ. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ ఫ్యూజ్‌లాజ్‌లు (ప్రధాన శరీర భాగాలు) తయారు చేసే టాటా బోయింగ్. వీటికి విడిభాగాలు అందించే ప్రైవేటు కంపెనీలు, వాటి వెనక వందల చిన్న వర్క్‌షాపులు. ప్రభుత్వం తరఫున బిల్లులు పరీక్షించి చెల్లించడానికి సికింద్రాబాద్‌లో కంట్రోలర్ ఆఫ్ డిఫెన్స్ అకౌంట్స్ ఆఫీసు. ప్రతిచోటా ఒక ఫైనాన్స్ విభాగం, అందులో ఇదే పని చేసే మనుషులు. హోదా పేర్లు మాత్రం వేరు: ప్రోగ్రామ్ ఫైనాన్స్, కాస్టింగ్, ప్రైసింగ్, ఐఎఫ్‌ఏ (ఆర్థిక సలహాదారు) ఆఫీసు.

ధరలో ఏముంటుంది

ఒక క్షిపణి కాస్ట్ షీట్, అంటే ఖర్చుల పట్టిక, తెరిస్తే ముందు కనిపించేది మెటీరియల్. మోటార్ కేసింగ్‌కు మారేజింగ్ స్టీలు అనే చాలా గట్టి ఉక్కు, ఎలక్ట్రానిక్స్, బయటి నుంచి కొన్న భాగాలు. తర్వాత సబ్‌కాంట్రాక్ట్ పని. ఆ తర్వాత మన ఫ్యాక్టరీలో పట్టే పని గంటలు. చివర్లో వారంటీ, స్పేర్లు, శిక్షణ, లాభం. విదేశాల నుంచి వచ్చే భాగాలుంటే డాలరో యూరోనో ఏ రేటుకు లెక్కించాలి, ఆ రేటు మారితే తేడా ఎవరు భరించాలి అన్నది వేరే క్లాజు.

మెటీరియల్‌లో వాదన తక్కువ. కొటేషన్ ఉంటుంది, పాత పర్చేజ్ ఆర్డర్ ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అసలు చిక్కు పని గంటల దగ్గర మొదలవుతుంది.

గంటకు ఎంత? ఫ్యాక్టరీల్లో దీన్ని మ్యాన్ అవర్ రేటు, పొట్టిగా ఎంహెచ్‌ఆర్ అంటారు. ఒక షాపు (ఫ్యాక్టరీలో ఒక పని విభాగం) నడపడానికి ఏడాదికి 60 కోట్లు అవుతుందనుకుందాం: జీతాలు, కరెంటు, తరుగుదల, మెయింటెనెన్స్ అన్నీ కలిపి. ఆ ఏడాది ఆ షాపులో 3 లక్షల గంటల పని ఉంటే గంటకు 2,000 రూపాయలు. ఆర్డర్లు సగానికి పడిపోయి లక్షన్నర గంటల పనే ఉందనుకోండి. జీతాలు తగ్గవు, తరుగుదల ఆగదు. గంట రేటు దాదాపు 4,000కు చేరుతుంది. అంటే క్షిపణిలో ఏ మార్పూ లేకుండానే, ఒక్క నట్టు కూడా అదనంగా బిగించకుండానే, దాని ధర పెరిగింది. కారణం ఫ్యాక్టరీలో లేదు, ఆర్డరు ఇవ్వడంలో ఆలస్యం చేసిన ఢిల్లీలో ఉంది. రక్షణ ఉత్పత్తుల ధరల గురించి టీవీలో జరిగే చర్చల్లో ఈ విషయం ఎందుకు రాదో నాకు అర్థం కాదు. ఒకేసారి పెద్ద ఆర్డరు ఇవ్వడానికీ, అదే సంఖ్యను ఐదు ముక్కలు చేసి ఇవ్వడానికీ మధ్య ప్రజాధనం ఎంత పోతుందో ఈ ఒక్క రేటు చెప్పేస్తుంది.

తర్వాతి ప్రశ్న: ఎన్ని గంటలు? 1936లో టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజినీరు విమానాల తయారీ గణాంకాలు పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. చేసిన మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే శ్రమ దాదాపు 20 శాతం తగ్గుతుంది. మొదటిదానికి 1,000 గంటలు పడితే రెండోదానికి 800, నాలుగోదానికి 640, ఎనిమిదోదానికి 512. దీన్నే లెర్నింగ్ కర్వ్ అంటారు. ప్రతి వస్తువుకూ సరిగ్గా 20 శాతమే తగ్గుతుందని కాదు. కానీ చేతులు అలవాటు పడేకొద్దీ గంటలు తగ్గాలి. కొనుగోలు వైపు కూర్చున్న అనలిస్ట్ రెండో ఆర్డరు కాస్ట్ షీట్‌లో మొదటి ఆర్డరు గంటలే కనిపిస్తే పెన్ను అక్కడ ఆపుతాడు. ఆపాలి కూడా.

ఇంకొకటి నాన్-రికరింగ్ ఖర్చు, అంటే ఒక్కసారి మాత్రమే అయ్యే ఖర్చు. పని చేసేటప్పుడు భాగాలను బిగించి పట్టే జిగ్‌లు, ఫిక్చర్లు, టెస్ట్ పరికరాలు. వాటికి 50 కోట్లయితే, 500 యూనిట్ల మీద పంచితే ఒక్కోదానికి 10 లక్షలు. 5,000 మీద పంచితే లక్ష. ఈ సొమ్ము మొదటి ఆర్డర్‌లోనే వసూలైపోయిందా, లేక రెండో ఆర్డర్‌లో వేరే హెడ్ కింద మళ్లీ వచ్చిందా? పాత ఫైలు తీసి చూసే ఓపిక ఉన్నవాడికే దొరుకుతుంది. మిలాన్ వార్త చదివి మనం వేసుకున్న 24 లక్షల లెక్కతో తృప్తి పడకూడదనేది ఇందుకే. మొత్తం విలువలో స్పేర్లు ఎంత, టెస్ట్ పరికరాలు ఎంత, పన్ను ఎంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

బల్లకు రెండు వైపులా

మూలధన కొనుగోళ్లకు నియమావళి 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్, అందరూ డాప్ అంటారు. ముందు ఆ వస్తువు అవసరమేనని ఒప్పుకునే ఏఓఎన్, తర్వాత అమ్మేవాళ్లను ప్రతిపాదనలు పంపమని అడిగే ఆర్‌ఎఫ్‌పీ, సాంకేతిక పరిశీలన, ట్రయల్స్, చివరికి కాంట్రాక్ట్ నెగోషియేషన్ కమిటీ. ఆ కమిటీలో ఫైనాన్స్ వాళ్లు కూడా ఉంటారు. ధరల కవరు తెరవకముందే కమిటీ తనకు తానుగా ఒక సమంజసమైన ధర అంచనా వేసుకోవాలన్నది ఇందులో నాకు బాగా నచ్చిన నియమం. అవతలివాడి అంకె ముందు చూస్తే మన బుర్ర దాని చుట్టూనే తిరుగుతుంది. ముందే సొంత లెక్క వేసుకుంటే తేడా ఎక్కడ వచ్చిందో వరుస వరుసగా అడగొచ్చు.

పోటీ ఉన్న టెండర్లో ఎల్-1, అంటే అందరికంటే తక్కువ చెప్పినవాడు, దొరుకుతాడు కాబట్టి పని కొంత తేలిక. ప్రభుత్వ సంస్థకు నేరుగా నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా, ఇచ్చినప్పుడు మొత్తం భారం కాస్ట్ షీట్ మీదే పడుతుంది. అయిన ఖర్చు మీద ఇంత శాతం లాభం అని ఒప్పుకుంటే ఒక ప్రమాదం ఉంది. ఖర్చు ఎంత ఎక్కువైతే లాభం రూపాయల్లో అంత ఎక్కువ. ఖర్చు తగ్గించినవాడు తన లాభం తానే తగ్గించుకున్నట్టు. అందుకే వీలైనంత వరకు ముందే ధర ఖాయం చేసి, ద్రవ్యోల్బణానికి ఒక ఫార్ములా పెడతారు.

అమెరికాలో ఇదే సమస్యకు 1962లో ఒక చట్టం తెచ్చారు. పోటీ లేని ఒప్పందంలో అమ్మేవాడు తన ఖర్చుల సమాచారం తాజాది, కచ్చితమైనది, సంపూర్ణమైనది అని సంతకం పెట్టి ధ్రువీకరించాలి. తర్వాత తప్పని తేలితే ధర తగ్గించి డబ్బు వెనక్కి తీసుకుంటారు. అమెరికా రక్షణ శాఖ చేసే ఒప్పందాల్లో ఏ ఖర్చు ధరలో కలపొచ్చు, ఏది కూడదు అన్న దానికి కూడా పెద్ద నియమావళి ఉంది. వినోదం ఖర్చు కూడదు, లాబీయింగ్ ఖర్చు కూడదు. ఇక్కడ కూర్చుని అమెరికన్ రక్షణ కంపెనీల ప్రోగ్రామ్‌లకు లెక్కలు చూడాలనుకునే వాళ్లు ఈ నియమాలు చదివి తీరాలి.

డబ్బుకు ఏడాది ఆయుష్షు, క్షిపణికి పాతికేళ్లు

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు కేటాయించారు. అందులో ఆయుధాలు, పరికరాలు కొనే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు. పింఛన్లకే 1.61 లక్షల కోట్లు పోతుంది. మిగతాది జీతాలు, ఇంధనం, మరమ్మతుల వంటి రెవెన్యూ ఖర్చు, కొంత సివిల్ పద్దు. 1.80 లక్షల కోట్లు అనగానే అన్నీ కొత్తవే కొంటారని అనుకోవద్దు. అందులో పెద్ద భాగం గతంలో సంతకాలైన ఒప్పందాలకు ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాలు. వీటిని కమిటెడ్ లయబిలిటీస్ అంటారు.

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. మంజూరు, ఒప్పందం, నగదు అనేవి మూడు వేర్వేరు విషయాలు. 2023 మార్చి 30న మెరుగుపరిచిన ఆకాశ్ వ్యవస్థ కోసం రక్షణ శాఖ బీడీఎల్‌తో 8,160 కోట్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. ఆ రోజున 8,160 కోట్లు చేతులు మారలేదు. మామూలుగా బ్యాంక్ గ్యారంటీ మీద కొంత అడ్వాన్స్ ఇస్తారు. మిగతాది మైలురాయి తర్వాత మైలురాయి, డెలివరీ తర్వాత డెలివరీ, ఏళ్ల మీద వస్తుంది. ఏ ఏడాది ఎంత వస్తుందో ముందుగా చెప్పాల్సింది అనలిస్ట్. తక్కువ చెప్తే ఆ ఏడాది బిల్లుకు డబ్బు ఉండదు. ఎక్కువ చెప్తే మార్చి 31న ల్యాప్స్ అవుతుంది, మరో ప్రాజెక్టుకు అందాల్సిన సొమ్ము ఎవరికీ కాకుండా పోతుంది.

మిలాన్ ఒప్పందం మార్చి 19, ఆకాశ్ ఒప్పందం మార్చి 30. ఆర్థిక సంవత్సరం చివరి రోజుల్లో ఫైళ్లు కదిలే వేగం ఈ రంగంలో పనిచేసే ప్రతి ఇంటికీ తెలుసు. మార్చి నెలలో పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే ఫైనాన్స్ వాళ్లు భోజనాల వేళకు కూడా రాలేరు.

కానీ ఆయుధం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో పూర్తయ్యేది కాదు. 1983లో సమీకృత గైడెడ్ క్షిపణి కార్యక్రమం సుమారు 388 కోట్ల మంజూరుతో మొదలైంది: పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్. అందులో ఆకాశ్ మన సైన్యంలో అధికారికంగా చేరింది 2015లో. మధ్యలో ముప్పైకి పైగా బడ్జెట్లు. అమెరికాలో ఈ సమస్యకు డబ్బుకే వేర్వేరు ఆయుష్షులు పెట్టారు. రోజువారీ నిర్వహణ సొమ్ముకు ఒక ఏడాది, పరిశోధన సొమ్ముకు రెండేళ్లు, కొనుగోళ్లకు మూడేళ్లు, ఓడల నిర్మాణానికి ఐదేళ్లు. మన దగ్గర 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణ కోసం 2,38,354 కోట్ల మేర ల్యాప్స్ కాని నిధిని సిఫారసు చేసింది. నా అభిప్రాయంలో ఆ సిఫారసు వెనకున్న ఆలోచన సరైనది. పదేళ్ల పనికి పన్నెండు నెలల సంచిలో డబ్బు పెడితే, తొందరపాటు ఖర్చు, అనవసరపు ఆలస్యం రెండూ మనమే కొని తెచ్చుకున్నట్టు.

ఖర్చు తగ్గిందా, పని తగ్గిందా?

ఒక సీకర్ (క్షిపణిలో లక్ష్యాన్ని వెతికి పట్టే భాగం) అభివృద్ధి ప్రాజెక్టు 100 కోట్లు అనుకుందాం. ఈపాటికి 40 కోట్ల పని జరగాలి. ఖర్చు చూస్తే 36 కోట్లే అయింది. సమీక్షలో స్లైడ్ చూసి అందరూ 4 కోట్లు మిగిలాయని సంతోషిస్తారు. అనలిస్ట్ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిజంగా ఎంత పని అయింది? ఇంజినీర్లతో కూర్చుని లెక్క తీస్తే 30 కోట్ల విలువైన పనే అయిందని తేలింది. అంటే 30 రూపాయల పనికి 36 రూపాయలు పెట్టాం. ఇదే తీరు సాగితే 100 కోట్ల ప్రాజెక్టు 120 కోట్లకు చేరుతుంది. పైగా 40 కావాల్సిన చోట 30 అయింది కాబట్టి ఆలస్యం కూడా అయినట్టే.

దీన్ని ఎర్న్‌డ్ వేల్యూ పద్ధతి అంటారు. అమెరికా రక్షణ శాఖ 1967లో దీన్ని కాంట్రాక్టర్ల మీద నియమంగా పెట్టింది. లెక్క చిన్నపిల్లలు కూడా వేస్తారు. కష్టమంతా ‘ఎంత పని అయింది’ అన్నదానికి నిజాయితీ జవాబు రాబట్టడంలో ఉంది. 90 శాతం అయిందని ఆరు నెలలుగా చెప్తున్న ప్యాకేజీ దగ్గరికి వెళ్లి, ఏ టెస్ట్ పాసైంది, ఏ రిపోర్ట్ మీద సంతకం పడింది అని అడగాలి. శాస్త్రవేత్తలు మొదట విసుక్కుంటారు. కానీ సమస్య రెండేళ్ల ముందే బయటపడితే బాగుపడేది వాళ్ల ప్రాజెక్టే. మంచి ప్రాజెక్ట్ డైరెక్టర్లు ఈ విషయం త్వరగా గ్రహిస్తారు.

ఖర్చు పెరిగితే ఏం చేయాలన్న దానికి అమెరికాలో 1982 నుంచి నన్-మెకర్డీ చట్టం ఉంది. ప్రధాన ఆయుధాల యూనిట్ ధర ప్రస్తుత అంచనా కంటే 15 శాతం పెరిగితే కాంగ్రెస్‌కు చెప్పాలి. 25 శాతం దాటితే, కొనసాగించడం దేశానికి అవసరమని రక్షణ శాఖ కారణాలతో ధ్రువీకరించాలి, లేకపోతే కార్యక్రమం ఆపేయాలి. 2024లో సెంటినెల్ ఖండాంతర క్షిపణి ఖర్చు 81 శాతం పెరిగి దాదాపు 141 బిలియన్ డాలర్లకు చేరినప్పుడు ఈ హెచ్చరిక గంటే మోగింది. కార్యక్రమాన్ని ఆపలేదు, కానీ ఎందుకు పెరిగిందో అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర అంచనా పెరిగితే సవరించిన మంజూరు కోసం ఫైలు మళ్లీ పైకి వెళ్తుంది. కాగ్ ఆడిట్ తర్వాత చూస్తుంది. ముందుగానే మోగే గంట మనకూ ఒకటి ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఈ పనిలోకి వచ్చే దారులు చెప్తాను. సివిల్ సర్వీసెస్ ద్వారా ఇండియన్ డిఫెన్స్ అకౌంట్స్ సర్వీస్. ప్రభుత్వ రంగ సంస్థల్లో ఫైనాన్స్ ట్రైనీలు. ప్రైవేటులో ఎక్కువగా సీఎంఏలు (కాస్ట్ అకౌంటెంట్లు), ఎంబీఏలు. కాస్ట్ అకౌంటెన్సీ చదివినవాళ్లకు ఇంతగా పనికొచ్చే రంగం మరొకటి తక్కువ. ఎక్సెల్ అందరికీ వస్తుంది. కాంట్రాక్ట్ క్లాజులు చదవడం, షాపు ఫ్లోర్ మీదికి వెళ్లి సీఎన్‌సీ మెషిన్ ముందు నిలబడి ఒక భాగానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడటం నేర్చుకోవాలి. చేసేదేమిటో ఇంట్లో చెప్పుకోలేరన్నది కూడా ముందే తెలుసుకోండి. ధర పట్టికలో సంఖ్య ఉంటుంది, డెలివరీ తేదీ ఉంటుంది. ఆ రెండూ చూస్తే సైన్యం దగ్గర ఏది ఎంత ఉంటుందో, ఎప్పటికి ఉంటుందో తెలిసిపోతుంది. గేటు దగ్గర ఫోన్ పెట్టి లోపలికి వెళ్లడం అందుకే.

గొలుసు చివర ఉన్నవాళ్లు

ఇంత లెక్కా ఎవరి మీద ఆధారపడి ఉందో చెప్పకుండా ఆపలేను. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో పది పదిహేను మంది పనివాళ్లతో నడిచే మెషినింగ్ షాపుల్లో ఈ దేశపు క్షిపణుల భాగాలు తయారవుతాయి. మెటీరియల్ కొన్నప్పటి నుంచి బిల్లు చేతికొచ్చే వరకు వాళ్ల డబ్బు ఇరుక్కుని ఉంటుంది. వస్తువు తయారైనంత మాత్రాన బిల్లు పాస్ కాదు. నాణ్యతా సంస్థ తనిఖీ చేయాలి, ఇన్‌స్పెక్షన్ నోట్ రావాలి, స్టోర్ రసీదు రావాలి, అప్పుడు పేమెంట్ విభాగానికి వెళ్తుంది. ఎక్కడ ఒక్క డాక్యుమెంట్ తగ్గినా ఫైలు వెనక్కి. ఆలస్యమైతే లిక్విడేటెడ్ డ్యామేజెస్ పేరుతో వారానికి ఇంత శాతం అని కోత. ఆలస్యానికి కారణం తనిఖీ చేసేవాళ్లు రాకపోవడమే అయినా, దాన్ని రుజువు చేసుకోవాల్సింది ఆ చిన్న షాపు యజమానే.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు సరుకు అందుకున్నాక గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. గడువు దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. చట్టం ఇంత గట్టిగా ఉన్నా వడ్డీ అడిగే చిన్న షాపులు అరుదు. తర్వాతి ఆర్డరు కూడా ఆ కంపెనీయే ఇవ్వాలి కదా. గడువు దాటినా చెల్లించని మొత్తాన్ని ఇప్పుడు ఆదాయ పన్నులో ఆ ఏడాది ఖర్చుగా చూపలేకపోవడం వల్ల కొనే కంపెనీల మీద కొంత ఒత్తిడి వచ్చింది. అది మంచిదే.

ఆ షాపు యజమాని బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద కట్టే వడ్డీ తిరిగి తిరిగి వచ్చేది ఎక్కడికి? తర్వాతి కొటేషన్‌లోకి, అక్కడి నుంచి క్షిపణి ధరలోకి. నెగోషియేషన్‌లో రెండు శాతం తగ్గించామని మురిసిపోయే మేనేజర్లు, చెల్లింపు నాలుగు నెలలు ఆలస్యం చేసి అంతకంటే ఎక్కువ పోగొడతారు. అందుకే ప్రోగ్రామ్ ఫైనాన్స్‌లో ఉన్న మిత్రులందరికీ నా విన్నపం ఒకటే. మీ నెలవారీ రిపోర్ట్‌లో ఖర్చు, పని, అంచనాల పక్కన ఇంకో కాలమ్ పెట్టండి: చిన్న సరఫరాదారుల బిల్లుల్లో 45 రోజులు దాటినవి ఎన్ని, ఒక్కోటి ఏ టేబుల్ మీద ఆగింది, ఎందుకు ఆగింది. సమీక్ష సమావేశంలో ఆ కాలమ్‌ను మొదట చదవండి.